ఆల్ఫా-1 నెమర్టైడ్ సోడియం ఛానెల్ మీద పనిచేయట్లేదు, ఫోల్డింగ్‌లో ఏం మార్చాలి?

బెంగళూరులో పీహెచ్‌డీ చేస్తున్నాను. లీనియస్ లాంగిస్సిమస్ అనే సముద్రపు పురుగు జిగురులోని ఆల్ఫా-1 నెమర్టైడ్ అనే విష పెప్టైడ్‌ను (31 అమైనో ఆమ్లాలు, సిస్టీన్ల మధ్య 3 డైసల్ఫైడ్ బంధాలు) మా ల్యాబ్‌లోనే తయారుచేశాం. కీటకాల సోడియం ఛానెల్ తెరుచుకున్నాక త్వరగా మూతపడకుండా ఇది ఆపాలి. బొద్దింక ఛానెల్ పెట్టిన కప్ప అండకణాల మీద 100 నానోమోలార్ వేసినా కరెంటు ఎప్పటిలాగే కొన్ని మిల్లీసెకన్లలో పడిపోతోంది. సోడియం ఛానెల్‌ను అడ్డుకునే విషం టెట్రోడోటాక్సిన్ వేస్తే మాత్రం పూర్తిగా ఆగుతోంది కాబట్టి ఛానెల్ మీద నాకు అనుమానం లేదు.

ఫోల్డింగ్ (బంధాలు పడి పెప్టైడ్ సరైన ఆకారంలోకి మడతపడటం) పీహెచ్ 8లో, బంధాలు పడి, తప్పు జతలు విడిపోయి మళ్లీ కుదిరేందుకు వాడే ఆక్సిడైజ్డ్, రెడ్యూస్డ్ గ్లూటాథయోన్‌లతో, గది ఉష్ణోగ్రతలో 24 గంటలు. మాస్ సరిగ్గా 6 డాల్టన్లు తగ్గింది (ఒక్కో బంధానికి రెండు హైడ్రోజన్లు పోతాయి), అంటే బంధాలు మూడూ పడ్డాయి. కానీ హెచ్‌పీఎల్‌సీలో (మిశ్రమంలోని పదార్థాలను వేరుచేసే పద్ధతి) ఒకే మాస్‌తో ఆనుకుని మూడు పీకులు! అంటే సిస్టీన్లు వేర్వేరు జతలుగా కలిసిన ఐసోమర్లు ఉన్నట్టున్నాయి. పెప్టైడ్ ట్యూబుకు అంటుకుపోతోందేమోనని బీఎస్‌ఏ (ఆవు సీరం ప్రోటీన్) కలిపి చూశాం, తేడా లేదు.

సరైన జతలు కుదిరిన ఐసోమర్ ఎక్కువగా రావాలంటే ముందు ఏది మార్చాలి: ఉష్ణోగ్రతా, గ్లూటాథయోన్ నిష్పత్తా, ఐసోప్రొపనాల్ కలపడమా?