116 హార్స్‌పవర్ మియాటాలో సరదా ఏముంది? కొనేముందు ఏం చూసుకోవాలి?

డాలస్ నుంచి ప్రశ్న:
అందరికీ నమస్కారమండి. 1992 మాజ్డా మియాటా (టాప్ దించుకునే చిన్న స్పోర్ట్స్ కారు) ఒకటి అమ్మకానికి కనిపించింది. ఎరుపు రంగు, 1.6 లీటర్ ఇంజిన్, ఐదు గేర్ల మాన్యువల్, లక్షా పదివేల మైళ్లు తిరిగింది. రోజూ ఆఫీసుకి క్యామ్రీ ఉంది, ఇది శని ఆదివారాలకే. మా ఆవిడ ఒకటే మాట అంటోంది: "మన క్యామ్రీకే దీనికంటే ఎక్కువ పవర్ ఉంది. రెండు సీట్ల పాత బండిలో అంత సరదా ఏముందట?" నాకు సరిగ్గా చెప్పడం రాలేదు. నడిపినవాళ్లు చెప్పండి. చూడటానికి వెళ్లినప్పుడు ఏమేం చూసుకోవాలో కూడా చెప్పండి.

రాలీ నుంచి జవాబు:
పవర్ కోసమే అయితే ఈ బండి కొనొద్దండి. దీని సరదా అంతా ఉన్న కాస్త పవర్‌నీ పూర్తిగా వాడుకోగలగడంలో ఉంది. బరువు దాదాపు వెయ్యి కిలోలే. రెండో గేర్‌లో ఇంజిన్‌ని ఏడువేల ఆర్‌పీఎమ్ (నిమిషానికి తిరిగే చుట్లు) దాకా లాగినా మీరు గంటకు 60 మైళ్ల లోపే ఉంటారు. ఇప్పటి పెద్ద బండ్లలో సగం తొక్కేసరికే టికెట్ పడే వేగం వచ్చేస్తుంది.

గేర్ రాడ్ నేరుగా గేర్‌బాక్స్ మీదే ఉంటుంది, మధ్యలో కేబుళ్లు లేవు. మణికట్టు కొద్దిగా కదిపితే చాలు, గేర్ పడిన సంగతి అరచేతికి తెలుస్తుంది. గేర్‌బాక్స్‌నీ, వెనక చక్రాలకి పవర్ పంచే డిఫరెన్షియల్‌నీ కలుపుతూ ఒక పొడవాటి అల్యూమినియం ఫ్రేమ్ ఉంది. అందుకే యాక్సిలరేటర్ మీద కాలు పెట్టగానే వెనక చక్రాలు వెంటనే పలుకుతాయి. మలుపు ముందు బ్రేకు తొక్కుతూనే యాక్సిలరేటర్‌ని ఒక్కసారి తట్టి, మూడు నుంచి రెండుకి దించి చూడండి. కుదుపు లేకుండా గేర్ పడితే ఆ రోజంతా హుషారుగా ఉంటుంది. కుదరకపోతే వచ్చే మలుపులో మళ్లీ ప్రయత్నిస్తారు. నేను బ్లూ రిడ్జ్ పార్క్‌వే అనే కొండ రోడ్డు మీద నడుపుతుంటాను, అక్కడ వేగ పరిమితి 45 మైళ్లే. ఎప్పుడూ తక్కువనిపించలేదు. మీకైతే శాన్ ఆంటోనియోకి పడమర కొండల్లో 335, 336, 337 ర్యాంచ్ రోడ్లున్నాయి. మీ ఆవిడ గారిని ఒకసారి టాప్ దించి అటు తీసుకెళ్లండి.

ఇక చూసుకోవాల్సినది: ముందు బాడీ, ఆ తర్వాతే ఇంజిన్. ఇంజిన్ బాగు చేసుకోవచ్చు, తుప్పు పట్టిన బాడీతో వేగలేం. సీట్ల వెనక టాప్ మొదట్లో రెండు మూలలా నీళ్లు పోయే రంధ్రాలుంటాయి. వాటిలో ఆకులు ఇరుక్కుంటే వాన నీళ్లు తలుపు కింద ఉండే బాడీ భాగంలోకి దిగి లోపల్నుంచి తినేస్తాయి. వెంట ఒక నీళ్ల సీసా తీసుకెళ్లండి. ఆ మూలల్లో మెల్లగా పోస్తే వెనక చక్రానికి కాస్త ముందు, బండి అడుగు నుంచి నీళ్లు కారాలి. కారకపోతే సీట్ల వెనక కార్పెట్ నొక్కి తడి ఉందేమో చూడండి. వెనక చక్రం ముందు భాగంలో పెయింట్ ఉబ్బి ఉంటే, అమ్మేవాళ్లు ఎంత తగ్గించినా వచ్చేయండి.

డెట్రాయిట్ నుంచి జవాబు:
పైన చెప్పింది అక్షరాలా నిజం. ఇంకో మాట, ఆ బండి ముందు ఏ రాష్ట్రంలో తిరిగిందో కనుక్కోండి. మా వైపు చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, దాంతో తుప్పు పడుతుంది.

1990, 91 తొలి బండ్లలో క్రాంక్‌షాఫ్ట్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) ముందు కొస దగ్గర ఒక బలహీనత ఉండేది. 91లోనే మార్చారు కాబట్టి మీకు ఆ టెన్షన్ లేదు. ఇంజిన్ వాల్వులని సమయానికి కదిలించే టైమింగ్ బెల్ట్ ప్రతి 60 వేల మైళ్లకి మార్చాలి. ఒకసారి మార్చారో లేదో రసీదు అడగండి, ఎలాగూ రెండోసారి దగ్గరపడింది. మారుస్తున్నప్పుడే వాటర్ పంపు కూడా వేయించుకోండి. ఈ 1.6లో బెల్ట్ తెగినా వాల్వులు పిస్టన్లకు తగలవు, అది పెద్ద ఊరట. పొద్దున్నే స్టార్ట్ చేస్తే టిక్ టిక్ మని చప్పుడు వస్తే భయపడకండి, చాలావరకు ఆయిల్ మార్పుతో తగ్గుతుంది.

క్లచ్ పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంటే గేర్‌బాక్స్ పక్కనున్న స్లేవ్ సిలిండర్ (ద్రవం ఒత్తిడితో క్లచ్‌ని కదిపేది) కారుతున్నట్టు. రెండు బోల్టుల పని, ఇంట్లోనే చేసుకోవచ్చు. పైన పెడల్ దగ్గరుండే మాస్టర్ సిలిండర్ కూడా అప్పుడే మార్చేయండి, లేకపోతే కొన్నాళ్లకి అది మొదలుపెడుతుంది. నాకు ఈ బండిలో నచ్చేది ఇదే, చాలా పనులు మన చేతికి అందుతాయి. ఆయిల్ ఫిల్టర్ ఒక్కటే ఇన్‌టేక్ (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే గొట్టాలు) కింద దాక్కుని విసిగిస్తుంది. విడిభాగాల కొరత లేదు. 2016 నాటికే అన్ని తరాలూ కలిపి పది లక్షల మియాటాలు తయారయ్యాయి.

బ్యాటరీ డిక్కీలో ఉంటుంది. గ్యాస్ బయటికి పోయే గొట్టం ఉన్న రకమే వాడాలి. దాని కింద రేకు తుప్పు పట్టిందేమో చూడండి.

డాలస్ నుంచి:
చాలా థాంక్సండి. నేను ఆరడుగులు దాటి ఉంటాను, పడతానా? మాకు రెండేళ్ల పాప కూడా ఉంది.

రాలీ నుంచి:
టాప్ మూసి కూర్చుని చూడండి. ఈ మోడల్‌లో స్టీరింగ్ పైకీ కిందికీ కదలదు. ముందు అద్దం పై అంచు సరిగ్గా కళ్లకి అడ్డొస్తే సీటు స్పాంజి కొంత కోయించుకుంటారు చాలామంది. పాపని మాత్రం ఇందులో ఎక్కించొద్దు, ఆమెకి క్యామ్రీనే. 1992లో ఎయిర్‌బ్యాగ్ డ్రైవర్‌కి మాత్రమే ఉంది, పక్క సీటుకి 1994లో వచ్చింది. తల వెనక రోల్ బార్ (బండి బోల్తా పడితే తలని కాపాడే ఉక్కు కడ్డీ) లేకపోతే, కొన్నాక మొదటి ఖర్చు దానికే పెట్టండి.

డాలస్ నుంచి:
శనివారం వెళ్తున్నాను. ఫోటోల్లో వెనక ప్లాస్టిక్ కిటికీ పసుపు రంగులో మసకగా ఉంది, అది సమస్యా?

డెట్రాయిట్ నుంచి:
పసుపైతే పాలిష్‌తో కొంత పోతుంది. చీలితే మార్చాల్సిందే, ఆ మేరకు ధర తగ్గించమనండి. టాప్ దించే ముందు ఆ కిటికీ జిప్ తీసి చదునుగా పరచాలి, అలాగే మడిస్తే పగుళ్లు వస్తాయి. బాగా చలిగా ఉన్న పొద్దున అసలు మడవొద్దు, కాసేపు ఎండ తగలనిచ్చాకే దించండి.