అభ్యంతరం చెప్పిన వైద్యుడే టీకా పరీక్షకు ఉత్తరం రాశాడు: గెర్హార్డ్ రోజ్‌కు పడిన శిక్ష సబబేనా?

వైద్య విద్యార్థిని, తిరుపతి
వచ్చే వారం తరగతిలో నేను న్యూరెంబర్గ్ వైద్యుల విచారణ గురించి, అంటే ఖైదీల మీద ప్రయోగాలు చేసిన నాజీ జర్మనీ వైద్యుల మీద రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జరిగిన విచారణ గురించి మాట్లాడాలి. 1946 డిసెంబరు 9న మొదలైన ఆ విచారణలో నిందితులు 23 మంది, వారిలో 20 మంది వైద్యులు. చదువుతూ చదువుతూ గెర్హార్డ్ రోజ్ దగ్గర ఆగిపోయాను. ఆయన బెర్లిన్‌లోని రాబర్ట్ కోఖ్ సంస్థలో ఉష్ణమండల వ్యాధుల విభాగానికి అధిపతి. బుకెన్‌వాల్డ్ అనే నాజీ నిర్బంధ శిబిరంలో ఖైదీలకు టైఫస్ ఎక్కించి టీకాలను పరీక్షిస్తున్నారని తెలిసి, 1943 మే నెలలో సైనిక వైద్యుల సమావేశంలో అందరి ముందూ తప్పుపట్టాడు. అదే మనిషి డిసెంబరులో మరో టీకాను అదే శిబిరంలో పరీక్షించమని రాశాడు. చివరికి యావజ్జీవ శిక్ష పడింది. నోరు విప్పినవాడికీ విప్పనివాడికీ ఒకటే తూకమా?

విశ్రాంత వైద్యుడు, చిత్తూరు
అమ్మా, ముందు ఒక మాట. ఇది వానల తర్వాత మన వార్డుల్లో కనిపించే స్క్రబ్ టైఫస్ కాదు, పేల వల్ల వ్యాపించే టైఫస్. తరగతిలో ఈ తేడా చెప్పకపోతే సగం మంది పొరబడతారు. ఇక రోజ్ సంగతి. నా దృష్టిలో ఆ అభ్యంతరమే ఆయనకు ఎదురు సాక్ష్యం, ఎందుకంటే అక్కడ ఏం జరుగుతోందో తనకు తెలియదని చెప్పే దారిని ఆయనే మూసుకున్నాడు. కోపెన్‌హాగన్‌లో తయారైన ఆ టీకా జంతువుల మీద బాగా పనిచేసింది, మనుషుల మీద పనిచేస్తుందో లేదో తేలాలి. తప్పుపట్టినప్పుడు ప్రయోగం ఇతరులది, ఉత్తరం రాసినప్పుడు కుతూహలం తనది. డాహౌ అనే మరో నాజీ శిబిరంలో ఖైదీలకు మలేరియా ఎక్కించిన క్లాస్ షిల్లింగ్‌కు దోమ గుడ్లు పంపినవాడూ ఈయనే. డెబ్బై దాటిన ఆ షిల్లింగ్‌ను వేరే విచారణ జరిపి 1946 మే నెలలో ఉరితీశారు.

న్యాయవాది, తిరుపతి
తూకం ఒకటి కాదండీ. 1947 ఆగస్టులో వచ్చిన తీర్పులో ఏడుగురికి మరణశిక్ష, ఐదుగురికి యావజ్జీవం, నలుగురికి పరిమిత కాలపు జైలు పడ్డాయి, ఏడుగురు నిర్దోషులుగా బయటపడ్డారు. రోజ్ శిక్షను తర్వాత 15 ఏళ్లకు తగ్గించారు, 1955లో విడుదలయ్యాడు. మొదట ఆయనకు సంకోచం ఉండి ఉండవచ్చునని న్యాయస్థానమే ఒప్పుకుంది, కానీ దాన్ని పక్కనబెట్టి తెలిసి తెలిసి పాలుపంచుకున్నాడని తేల్చింది. అమెరికా జైళ్లలోనూ ఖైదీల మీద మలేరియా ప్రయోగాలు జరిగాయి కదా అని ప్రతివాదులు వాదించకపోలేదు. అయితే మనుషుల మీద ప్రయోగాలకు తీర్పులో పొందుపరిచిన పది సూత్రాల్లో మొదటిదే స్వచ్ఛంద సమ్మతి. బుకెన్‌వాల్డ్ ఖైదీని ఆ మాట అడిగినవాడు లేడు.

ఔషధ పరీక్షల విభాగంలో నర్సు, తిరుపతి
ఆ మొదటి సూత్రం కాగితంగా మా చేతికి వస్తుంది. నేను ఇదివరకు పనిచేసిన ఒక చోట, పల్లె నుంచి వచ్చిన పెద్దావిడ బొటనవేలిని అటెండరు పట్టుకుని ఇంకు ప్యాడ్ మీద అద్ది, అద్దిన తర్వాత "సంతకం అయిపోయిందవ్వా" అన్నాడు. ఫారం చదివి వినిపించలేదు. నేను ఆపి, మొదటి నుంచి చదివి వినిపిస్తే, ఆవిడ వద్దని లేచి వెళ్లిపోయింది. బుకెన్‌వాల్డ్‌తో పోలిక తేవడం లేదు. కానీ ఆ పూట నోరు విప్పిన నేనే మరునాడు మరో ఫారం మీద సాక్షిగా సంతకం పెట్టాను, ఆ రోగికి ఎవరు చదివి వినిపించారో అడగకుండా.

వైద్య విద్యార్థిని, తిరుపతి
తూకం అన్న మాట తీసేస్తున్నాను. మే నెలకూ డిసెంబరుకూ మధ్య రోజ్‌లో ఏం మారిందన్నదే తరగతిలో అడుగుతాను. అక్కా, మీరు ఒప్పుకుంటే, పేరు లేకుండా మీ రెండో ఫారం సంగతి కూడా చెబుతాను.