పాత కామిక్ స్ట్రిప్ మీద రోజూ వెటకారం: విమర్శా, వేధింపా?

పొద్దుటిపేపర్:
అమెరికా పేపర్లలో 1960 నుంచి వస్తున్న ‘ఫ్యామిలీ సర్కస్’ చూసే ఉంటారు. గుండ్రటి గీతలో ఒక్క బొమ్మ, కింద పిల్లల ముద్దుమాట. 1990లలో కొందరు ఆ మాట తీసేసి, బదులుగా బూతులూ వెటకారాలూ తగిలించి ఇంటర్నెట్‌లో పెట్టేవారు. 1999లో సిండికేట్ (ఆ బొమ్మల్ని పేపర్లకి అమ్మే సంస్థ) నోటీసు పంపింది, గీసిన బిల్ కీన్ స్వయంగా ఫోన్‌లో మాట్లాడారు, దాంతో ఆపేశారు. ఆపడమే మంచిదైంది అంటాను. ఆ బొమ్మలోని జెఫీ ఆయన సొంత కొడుకు జెఫ్. నచ్చకపోతే పేజీ తిప్పేస్తే పోలా? పనిగట్టుకుని రోజూ చదివి మరీ తిట్టడమేం సరదా?

కరివేపాకు:
తిప్పితే ఎక్కడ పోతుందండీ? కీన్ 2011లో పోయారు, ఇప్పుడు ఆ జెఫే గీస్తున్నారు. కామిక్స్‌కి పేపర్‌లో దొరికేదే కాస్త చోటు. అదీ వారసత్వంగా పోతే కొత్తవాళ్ల గతేంటి? తన తర్వాత తన కామిక్ ‘పీనట్స్’ని ఇంకెవరూ గీయకూడదని చార్లెస్ షుల్జ్ కోరుకున్నారు. 2000 ఫిబ్రవరి 12న ఆయన పోయారు, మర్నాడే చివరి ఆదివారం స్ట్రిప్ అచ్చయింది. పద్ధతంటే అదీ.

పొద్దుటిపేపర్:
పద్ధతి సరే, చోటు ఖాళీ అయిందా? పాత ‘పీనట్స్’నే మళ్లీ మళ్లీ వేస్తున్నారుగా! ఒక్కరోజు తీసేస్తే పాఠకులే గోల చేస్తారు. మీ కోపం ఎడిటర్ మీద చూపించండి, గీసేవాళ్లేం చేశారు?

ఇంకుమరక:
ఇద్దరూ వెటకారమంతా ఒకే గాటన కట్టేస్తున్నారు. ‘గార్ఫీల్డ్’ సంగతి చూడండి. 1978 నుంచీ అదే పిల్లి, లజానియా అనే ఇటలీ వంటకం మీద అదే యావ, సోమవారమంటే అదే ఏడుపు. 2008లో డాన్ వాల్ష్ అనే ఐర్లండ్ ఆయన ఆ స్ట్రిప్పుల్లోంచి పిల్లిని చెరిపేసి పెట్టడం మొదలుపెట్టాడు. ఒక్క మాట కూడా కొత్తగా రాయలేదు. పిల్లి యజమాని జాన్ మాత్రం మిగిలాడు. ఒక గడిలో గోడకేసి ఏదో అంటాడు, పక్క గడిలో ఊరికే కూర్చుంటాడు, అంతే. నవ్వొస్తుంది, వెంటనే గుండె చివుక్కుమంటుంది. అసలు కిటుకు ఏంటంటే గార్ఫీల్డ్ ఎప్పుడూ నోరు విప్పి మాట్లాడడు, అన్నీ ఆలోచన బుడగలే. అంటే జాన్ మొదటి నుంచీ ఒంటరిగానే మాట్లాడుకుంటున్నాడు! ముప్ఫై ఏళ్లు చదివినా చాలామందికి తట్టని సంగతి ఒక్క రబ్బరు ముక్క బయటపెట్టింది. గీసిన జిమ్ డేవిస్‌కీ నచ్చి, పుస్తకంగా కూడా వచ్చింది. బొమ్మ కింద బూతు రాయడానికి ఈ చూపు అక్కర్లేదు. నా తూకం ఒక్కటే: ఎగతాళి చేసినవాడు స్ట్రిప్ చదివాడా, లేదా?

పొద్దుటిపేపర్:
డేవిస్‌కి పోయేదేముంది? మార్కెట్‌లో అమ్ముడుపోయే పాత్ర కావాలనే ఆ పిల్లిని తయారుచేశానని ఆయనే చెప్పుకున్నారు. కారు అద్దాలకి అంటించే బొమ్మల దాకా అమ్మారు. ఆయనకి వెటకారం కూడా ఉచిత ప్రచారమే. కీన్ గీసింది సొంత ఇంటిని. రెండూ ఒకటెలా అవుతాయి?

కరివేపాకు:
ఆ ఇంటినే సిండికేట్ ద్వారా వందల పేపర్లకి అమ్మారు కదండీ. డబ్బు తీసుకుని రోజూ నా టేబుల్ మీద పెట్టిన బొమ్మ మీద నేను మాట అనకూడదా? బూతు వద్దంటే సరే, ఒప్పుకుంటాను. ‘ఈరోజు జోక్ చచ్చింది’ అనడానికి కూడా వాళ్ల అబ్బాయి అనుమతి కావాలంటే మాత్రం నా వల్ల కాదు.