"ఒట్టి చేతులతోనా?" అడగడమా, ఎత్తిపొడుపా?

అడ్వెంచర్ అనే పాత కంప్యూటర్ ఆట ఇక్కడ కొందరికైనా గుర్తుండాలి. బొమ్మలుండవు, అంతా రాతే. విల్ క్రౌథర్ అనే అమెరికన్ తాను తిరిగిన కెంటకీ గుహలను మనసులో పెట్టుకుని 1976 ప్రాంతంలో రాశాడు. 1977లో డాన్ వుడ్స్ దాన్ని పెంచాడు. "దీపం తీసుకో", "ఉత్తరానికి వెళ్ళు" అంటూ ఇంగ్లీషులో ఒకటి రెండు మాటలు కొడుతూ ముందుకు పోవాలి.

అందులో ఒకచోట పర్షియన్ తివాచీ మీద పెద్ద పచ్చటి డ్రాగన్ పడుకుని ఉంటుంది. గొడ్డలి విసిరితే పొలుసులకు తగిలి ఎగిరి పడుతుంది. "డ్రాగన్‌ని చంపు" అంటే ఆట అడుగుతుంది: "దేంతో? ఒట్టి చేతులతోనా?" పెద్దవాళ్ళం ఇక్కడే దెబ్బతింటాం. వెటకారం కాబోలు అనుకుని ఆయుధం కోసం గుహంతా గాలిస్తాం. నిజానికి "అవును" అని కొడితే చాలు, డ్రాగన్ చస్తుంది!

వయసు మీద పడ్డాక ఈ ఆటలు కొరుకుడు పడకపోతే మతిమరుపు మీదికి తోసేస్తాం. గదుల దారులు గుర్తుండవు, నిజమే, దానికి కాగితం ఉంది. డ్రాగన్ దగ్గర మాత్రం అడ్డొచ్చేది భాష మరీ వంటబట్టడమే. "నీకు బుద్ధుందా?" అని అమ్మ అడిగితే "ఉంది" అనకూడదని చిన్నప్పుడే దెబ్బలతో సహా నేర్చుకున్నాం కదా.

తెలుగు చేస్తే ఈ చిక్కు నిలుస్తుందంటారా?

— "తోనా" అంటే నిలుస్తుందండీ, "తోనేనా" అంటే పోతుంది. "ఈ ఎండలో బస్సులోనా?" అంటే ఆశ్చర్యమో ఈసడింపో, ఎవరూ జవాబు చెప్పరు. "బస్సులోనేనా?" అంటే ఖాయం చేసుకోవడం, చెప్పి తీరాలి. మధ్యలో ఆ ఏకారం పడిందంటే గుట్టు రట్టయినట్టే.

— నా పేచీ "ఒట్టి చేతుల" దగ్గర. చుట్టాలింటికి ఒట్టి చేతులతో వెళ్ళామంటే పళ్ళో స్వీట్లో పట్టుకెళ్ళలేదని. "ఉత్త చేతులు" అన్నా అదే గొడవ.

— ముందు "దేంతో?" అని ఉంది కాబట్టి పళ్ళ దాకా పోదు లెండి. "నిరాయుధుడివై" అంటే మాత్రం పౌరాణిక నాటకం అయిపోతుంది.

— అదే ఆటలో దారికి అడ్డంగా ఉన్న పాముని తరమాలంటే పంజరంలోని పిట్టని వదలాలి. గరుత్మంతుడి కథ విన్నవాళ్ళకి అదో లెక్కా! అక్కడ పెద్దవాళ్ళే నయం.

— ఇంకో సంగతి. "చేతులతోనా?" అంటే మనం "అవును" అనడం తక్కువ, "చేతులతోనే" అంటాం. పిల్లలైతే "ఆఁ" అని ఊరుకుంటారు. తెలుగులో ఈ ఆట రాసేవాళ్ళు మూడింటినీ ఒప్పుకునేలా రాయాలి, లేకపోతే సరైన జవాబు చెప్పినవాడు కూడా డ్రాగన్ ముందే కూర్చుంటాడు.