‘ఆందాంతే మా అదాజో’ను తెలుగులో ఏమనాలి?

ప్రశ్న: మోజార్ట్ బసూన్ కాన్సర్టో (ఒక సోలో వాద్యానికీ ఆర్కెస్ట్రాకీ రాసిన కృతి; ఆయన రచనల జాబితాలో కె. 191) రెండో భాగం మీద ‘ఆందాంతే మా అదాజో’ అని ఉంటుంది. కచేరీకి వచ్చేవారి కోసం తెలుగులో పరిచయం రాస్తున్నాను. నిఘంటువు చూస్తే రెండు మాటలకూ ‘నెమ్మదిగా’ అనే అర్థం. ‘విళంబ కాలం’ అని రాసేయవచ్చా?

జవాబు: విళంబ కాలం వద్దండి. మన కర్ణాటక సంగీతంలోని కాలాలకు, అంటే వేగపు మెట్లకు, ఒక లెక్క ఉంది: మధ్యమం విళంబానికి రెట్టింపు, ద్రుతం మధ్యమానికి రెట్టింపు. ఇటాలియన్ మాటలకు ఆ లెక్క లేదు. అవి వేగం కన్నా ముందు తీరును చెబుతాయి. ‘ఆందారే’ అంటే వెళ్లడం. ‘ఆందాంతే’ అందులోంచి వచ్చింది. ‘మా’ అంటే కానీ. ‘అదాజో’లో ఉన్నది ‘ఆజో’, అంటే తీరిక, సుఖం. కాబట్టి ‘నడకే, కానీ తీరికగా’ అంటాను. పద్యం నడక, పాట నడక అని మనం రోజూ అంటూనే ఉన్నాం. అక్కడ మన దృష్టి సాగే తీరు మీదే ఉంటుంది.

ఇది మాటకు మాట వెతికే పని మాత్రమే కాదు, వాయించేవారికీ ఇదే చిక్కు. ‘అదాజో’ ఒక్కటే పట్టుకుంటే తాళంలో ఏ దెబ్బకు ఆ దెబ్బ విడిపోతుంది. బసూన్ సన్నాయిలాగే జంట రెల్లుతో ఊదే వాద్యం కనుక, సంగీత వాక్యం ముగియకుండానే ఊపిరి అయిపోతుంది. ‘ఆందాంతే’ ఒక్కటే పట్టుకుంటే ఆ రాగంలోని (ఇక్కడ రాగమంటే పాట బాణీ) ఆర్తి నలిగిపోతుంది. మోజార్ట్ ఒపేరా ‘ఫిగారో’ (1786) రెండో అంకం మొదట్లో కౌంటెస్ పాడే పాటకు ఈ రాగం ఎత్తుగడ దగ్గరగా ఉంటుంది. అంటే ఇది గొంతుతో పాడదగిన రాగం. గాయకులు ఊపిరి తీసుకునే చోటే ఇక్కడా తీసుకోవాలి. వయొలిన్లకు మ్యూట్ బిగించి ఉంటుంది. ఆ అణచిన ధ్వని కింద అడుగులు వినిపిస్తూనే ఉండాలి. చివర్లో సోలో వాద్యకారుడికి వదిలిన కెడెంజా (ఒంటరిగా వాయించే ఘట్టం) దగ్గర మాత్రం నడక ఆగవచ్చు.

ఈ కాన్సర్టోను మోజార్ట్ 1774లో, 18 ఏళ్ల వయసులో, సాల్జ్‌బర్గ్‌లో రాశాడు. ఆయన స్వదస్తూరీ ప్రతి మిగలలేదు. అందుకే ఈ మూడు మాటలను ఇంత జాగ్రత్తగా చదవాల్సి వస్తోంది.

ప్రశ్న: ‘తీరికగా’ అంటే పని లేనట్టు వినిపించదా? ‘నింపాదిగా’ అంటే?

జవాబు: మీ మాటే బాగుంది. తొందర లేదు, బద్ధకమూ లేదు. ‘నడకే, కానీ నింపాదిగా’ అని వేయండి. ఆ ‘కానీ’ని మాత్రం తీసేయకండి, వాయించేవారు తూచుకోవలసింది అక్కడే. పక్కనే ఇటాలియన్ మాటలను తెలుగు లిపిలో ఉంచండి. మూడో భాగానికి ‘మినుయెట్ నాట్యపు నడకలో రోండో’ (మొదటి బాణీ మళ్లీ మళ్లీ తిరిగివచ్చే రచన) అంటే చాలు.