అయిదు రోజుల ప్రెడ్నిసొలోన్: ఒక్కసారిగా ఆపవచ్చా, తగ్గిస్తూ రావాలా?

మూడో సంవత్సరం విద్యార్థిని:
హార్మోన్ మందుల పాఠంలో "కార్టికోస్టెరాయిడ్లను హఠాత్తుగా ఆపరాదు" అని గీత గీయించి మరీ చెప్పారు. నెల తిరక్కుండానే శ్వాసకోశ మందుల పాఠం వచ్చింది. ఆస్తమా ఉధృతమైన పెద్దవారికి ప్రెడ్నిసొలోన్ అనే కార్టికోస్టెరాయిడ్ మాత్ర రోజుకు 40 నుంచి 50 మి.గ్రా. చొప్పున 5 నుంచి 7 రోజులు ఇచ్చి ఆపేయవచ్చని, తగ్గిస్తూ రానక్కరలేదని అందులో ఉంది. మందు ఒకటే, మాట రెండు. వార్డులోనూ ఒకరు ఒకలా, మరొకరు మరోలా చెబుతున్నారు. డిశ్చార్జి అయ్యే రోగికి నేను ఏమని చెప్పాలి?

సీనియర్ స్టాఫ్ నర్సు:
తగ్గిస్తూ ఆపడమే మంచిదమ్మా. డాక్టర్ రాసినదాన్ని మనం మార్చకూడదు, కానీ "తగ్గించే డోసులు కూడా రాస్తారా సార్" అని అడగడం మన పనే. కీళ్లవాతానికి ఏళ్ల తరబడి స్టెరాయిడ్ వాడి, మొహం ఉబ్బుతోందని తనంతట తానే మానేసిన రోగిని చూశాను. వాంతులు, లేచి కూర్చోలేనంత నీరసం, సెలైన్ ఎక్కుతున్నా పుంజుకోని బీపీ. హైడ్రోకార్టిసోన్ (అదీ స్టెరాయిడే) 100 మి.గ్రా. నరంలోకి వెళ్లాక గానీ తేరుకోలేదు. అది కళ్లారా చూసినవాళ్లకు "ఒక్కసారిగా ఆపేయండి" అనడానికి నోరు రాదు. మరో వారం తగ్గిస్తూ వస్తే పోయేదేముంది?

ఫార్మకాలజీ బోధకుడు:
సిస్టర్ గారూ, మీరు చూసిన రోగి ఏళ్ల తరబడి వాడారు. ఇక్కడి ప్రశ్న అయిదు రోజుల గురించి. తేడా అంతా అక్కడే ఉంది.

బయటి నుంచి స్టెరాయిడ్ వస్తుంటే మెదడులోని హైపోథాలమస్, దాని కిందనున్న పిట్యూటరీ గ్రంథి తమ సంకేతాలు తగ్గిస్తాయి. మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులను పనిచేయించే ఏసీటీహెచ్ అనే హార్మోన్ పడిపోతుంది. అది వారాల తరబడి అలాగే ఉంటే అడ్రినల్ గ్రంథుల బయటి పొర కుంచించుకుపోతుంది. అప్పుడు మందు ఆపితే శరీరపు సొంత స్టెరాయిడ్ అయిన కార్టిసాల్ చేయడానికి గ్రంథి సిద్ధంగా ఉండదు. గ్రంథి ఆ స్థితికి చేరడానికి సమయం పడుతుంది. అయిదారు రోజుల్లో సంకేతం కాస్త మందగించినా, మందు ఆగగానే సాధారణంగా త్వరగానే కోలుకుంటుంది. అందుకే మూడు నాలుగు వారాలలోపు వాడినవారికి, డోసు ఎంతైనా సరే, తగ్గించే అవసరం లేదని 2024లో యూరోపియన్, అమెరికన్ ఎండోక్రైన్ సంఘాలు కలిసి ఇచ్చిన మార్గదర్శకాలు సూచిస్తున్నాయి. ఆస్తమా మార్గదర్శకాలైన గినా రెండు వారాల లోపు అంటుంది. లెక్క ఏదైనా అయిదు రోజులు దాని లోపలే.

తగ్గిస్తూ వస్తే ఆస్తమా మళ్లీ తిరగబెట్టదన్న నమ్మకం కూడా ఉంది. దాన్ని 1993లోనే పరీక్షించారు. రోజుకు 40 మి.గ్రా. పది రోజులు ఇచ్చాక కొందరికి వారం పాటు తగ్గిస్తూ, కొందరికి ఉత్తుత్తి మాత్రలు ఇచ్చి చూశారు. తేడా కనబడలేదు. సీఓపీడీ (ఊపిరి గొట్టాలు శాశ్వతంగా ఇరుకైపోయే జబ్బు) రోగుల్లో 5 రోజుల కోర్సు 14 రోజుల కోర్సుకు ఏమీ తీసిపోదని 2013లో వెలువడిన రెడ్యూస్ అధ్యయనం చూపింది.

ఇక పోయేదేముందంటారా? పోతుంది. 5 మి.గ్రా. మాత్రలైతే రోజుకు ఎనిమిది, తర్వాత ఆరు, నాలుగు, రెండు, ఒకటి. ఊపిరాడక రాత్రంతా నిద్రలేని మనిషి చేతిలో ఆ చీటీ పెట్టి చూడండి. ఎన్నో రోజున ఎన్ని వేసుకున్నారో వారం తర్వాత అడగండి. పైగా మిగిలిన మాత్రలు డబ్బాలో ఉండిపోతాయి. తర్వాత దగ్గు వచ్చినప్పుడల్లా బయటికొస్తాయి.

రాత్రి డ్యూటీ:
చక్కెర మాట ఎవరూ ఎత్తలేదు. ఉదయం ప్రెడ్నిసొలోన్ వేసుకున్నవారికి పరగడుపున మామూలుగానే ఉంటుంది, మధ్యాహ్నం దాటాక పైకి లేస్తుంది. పొద్దున్న ఒక్కసారి చూసి "బాగానే ఉంది" అని రాస్తే సాయంత్రం జరిగేది తెలియదు. డయాబెటిస్ ఉన్నవారికి అనవసరంగా పొడిగించిన ప్రతిరోజూ ఆ బాధే. నెబ్యులైజర్‌లో ఊపిరి గొట్టాలను వదులుచేసే సాల్బుటమాల్ పదేపదే ఇస్తుంటే పొటాషియం తగ్గుతుంది, స్టెరాయిడ్ దాన్ని ఇంకొంచెం తగ్గిస్తుంది. అది కూడా గుర్తుంచుకోవాలి.

ఛాతీ వ్యాధుల వార్డు నుంచి:
బోధకుడు గారి లెక్క సరైనదే. అయినా ఆయన వాదనలో నాకు భయం కలిగించే చోటు ఒకటుంది. "అయిదు రోజులు" అన్నది ఈసారి కోర్సు. అంతకుముందువి?

ఛాతీ వార్డుకు వచ్చేవారిలో కొందరు ఏడాదిలో మూడు నాలుగు సార్లు ఇదే కోర్సు వాడి ఉంటారు. మోకాలికో భుజానికో ట్రయామ్సినొలోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ పడి ఉంటుంది. పెద్ద డోసులో ఫ్లూటికసోన్ అనే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ రోజూ పీలుస్తుంటారు. దానికి తోడు ఫంగస్‌కు ఇట్రాకొనజోల్ వాడుతున్నా, హెచ్‌ఐవీకి రిటోనవిర్ వాడుతున్నా ఆ ఫ్లూటికసోన్‌ను కాలేయం విడగొట్టలేదు. అది రక్తంలో పేరుకుని, మాత్ర మింగనివారికి కూడా అడ్రినల్‌ను అణచివేస్తుంది. మరో ఇన్‌హేలర్ స్టెరాయిడ్ బ్యూడెసొనైడ్‌కూ ఈ చిక్కు ఉంది. అలాంటి మనిషికి "ఇది అయిదు రోజులదే" అని ధీమాగా చెప్పేస్తే, మనం చూస్తున్నది చివరి పేజీ మాత్రమే.

అడిగే తీరు కూడా ముఖ్యం. "స్టెరాయిడ్లు వాడారా?" అంటే చాలామంది లేదనే అంటారు, ఆ పేరు వాళ్లకు ఎవరూ చెప్పి ఉండరు. నేను ఇలా అడుగుతాను: "ఈ ఏడాదిలో ఎప్పుడైనా పొద్దున్నే టిఫిన్ తిన్నాక ఎనిమిదేసి చిన్న మాత్రలు ఒకేసారి మింగమన్నారా?" వెంటనే గుర్తొస్తుంది. "రెండుసార్లు... కాదు, వానాకాలంలో ఇంకోసారి" అంటారు.

సీనియర్ స్టాఫ్ నర్సు:
నేను చెప్పేదీ అదేగా! ఎవరు ఎంత వాడారో తెలియనప్పుడు తగ్గించడమే క్షేమం.

ఛాతీ వ్యాధుల వార్డు నుంచి:
కాదు సిస్టర్. తెలియనప్పుడు తెలుసుకోవాలి. వారం పాటు తగ్గించినంత మాత్రాన ఏడాదిగా అణగిన గ్రంథి లేచి కూర్చోదు, దానికి నెలలు పట్టవచ్చు. అనుమానం ఉంటే డాక్టర్‌కు చెప్పి ఉదయం ఎనిమిది, తొమ్మిది గంటల మధ్య కార్టిసాల్ చూడమని అడగాలి. డెసీలీటరుకు 10 మైక్రోగ్రాములు దాటితే గ్రంథి కోలుకున్నట్టు, 5 లోపైతే ఇంకా లేనట్టు. మధ్యలో వస్తే మళ్లీ చూడాలి. మీ పద్ధతిలో ఈ పరీక్ష చేయించాల్సిన మనిషి కూడా "తగ్గిస్తూ ఆపాంగా" అన్న నిశ్చింతతో ఇంటికి వెళ్లిపోతారు.

ఫార్మకాలజీ బోధకుడు:
ఒప్పుకుంటున్నాను, తరచూ కోర్సులు వాడేవారి విషయంలో జాగ్రత్త అవసరమని ఆ మార్గదర్శకాలూ చెబుతాయి. ఇది కొత్త పాఠం కాదు. కార్టిసోన్ అనే స్టెరాయిడ్‌ను తొలిసారి కీళ్లవాతానికి ఇచ్చింది 1948లో. నాలుగేళ్లకే, 1952లో, కార్టిసోన్ వాడుతున్న రోగి శస్త్రచికిత్స తర్వాత షాక్‌తో చనిపోయినట్టు, అడ్రినల్ గ్రంథులు కుంచించుకుపోయి కనిపించినట్టు నివేదిక వచ్చింది. "హఠాత్తుగా ఆపరాదు" అన్న వాక్యం వెనుక ఇలాంటి అనుభవాలే ఉన్నాయి. దీర్ఘకాలం వాడినవారి గురించి పుట్టిన మాటను అందరికీ అంటించడమే నా అభ్యంతరం.

రాత్రి డ్యూటీ:
ఇంకో నష్టం. ఆ వాక్యం విని రోగి ఇంటికెళ్లి చేసేది ఏమిటంటే, మాత్రల కోర్సు పూర్తిచేసి, రోజూ పీల్చాల్సిన స్టెరాయిడ్ ఇన్‌హేలర్‌ను పక్కన పెట్టడం. "స్టెరాయిడ్ అంటే అలవాటైపోతుందట, మానలేమట" అని. తిరగబెట్టకుండా కాపాడేది ఆ ఇన్‌హేలరే.

సీనియర్ స్టాఫ్ నర్సు:
ఇన్‌హేలర్ మాట నిజం. అది విని మానేసినవాళ్లు నాకూ తెలుసు. కానీ కోర్సు ఆపిన మూడో రోజు ఆయాసంతో తిరిగొస్తే "చూశారా, ఒక్కసారిగా ఆపేశారు" అని బంధువులు మనల్నే అంటారు. వాళ్లకేం చెప్పాలి?

ఫార్మకాలజీ బోధకుడు:
ఆయాసం, పిల్లికూతలు తిరిగొస్తే అది జబ్బు తిరగబెట్టడం. వాంతులు, కడుపునొప్పి, లేవగానే కళ్లు తిరగడం, బీపీ, చక్కెర పడిపోవడం అడ్రినల్ వైపు చూపిస్తాయి. రెండింటికీ వైద్యం వేరు. కలిపి ఒకే గాటన కడితే రెండూ తప్పిపోతాయి.

మూడో సంవత్సరం విద్యార్థిని:
అయితే డిశ్చార్జి రోజున నేను ఏం చెప్పాలో ఇలా రాసుకున్నాను: గతంలో వాడిన కోర్సులు, ఇంజెక్షన్లు, ఇన్‌హేలర్ డోసు ముందు అడిగి కేస్ షీటులో రాయాలి. తక్కువైతే "అయిదు రోజులూ ఉదయం తిన్నాక వేసుకోండి, ఆరో రోజు మాత్రలు ఉండవు, ఇన్‌హేలర్ మాత్రం ఆపకండి" అని చెప్పాలి. ఎక్కువైతే డిశ్చార్జికి ముందే డాక్టర్‌కు చెప్పాలి. పరీక్షలో కూడా ఇదే రాయవచ్చా?

ఛాతీ వ్యాధుల వార్డు నుంచి:
రాయవచ్చు, వాడిన కాలం ఎంతో మొదటి వాక్యంలోనే పెట్టు. ఒకటి చేర్చు: ఇన్‌హేలర్ పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మమని చెప్పాలి.

సీనియర్ స్టాఫ్ నర్సు:
మూడు వారాలు దాటినవాళ్లకు మాత్రం నా వాక్యమే చెప్పు. అందులో నేను ఒక్క అక్షరం కూడా మార్చను.