‘యాంటిగొని’ నాటకంలో విషాదం ఎవరిది? క్రియోన్‌ది మొండితనమా, రాజధర్మమా?

రాతిగట్టు:

ప్రాచీన గ్రీకు నాటకకర్త సోఫోక్లిస్ రాసిన ‘యాంటిగొని’లో అసలు విషాద నాయకుడు క్రియోనే అని నా వాదన. ఒప్పుకోనివాళ్లు చాలామంది ఉంటారని తెలిసే ఇక్కడ పెడుతున్నాను.

చదవనివాళ్ల కోసం కథ క్లుప్తంగా. ఇది క్రీ.పూ. 441 ప్రాంతంలో ఏథెన్స్‌లో ఆడిన నాటకం. థీబ్స్ అనే గ్రీకు నగరాన్ని ఏలిన ఈడిపస్ కొడుకులిద్దరూ ఆ గద్దె కోసం కొట్లాడి ఒకరి చేతిలో ఒకరు చచ్చారు. మేనమామ క్రియోన్ రాజయ్యాడు. ఊరిని కాపాడుతూ చనిపోయిన ఎటియోక్లిస్‌కు మర్యాదగా అంత్యక్రియలు చేయించాడు. ఆర్గోస్ అనే మరో నగరం సైన్యాన్ని వెంటబెట్టుకుని సొంత ఊరి మీదికి వచ్చిన పోలినైసిస్ శవాన్ని మాత్రం కుక్కలకూ పక్షులకూ వదిలేయమన్నాడు. ముట్టుకున్నవాళ్లకు చావే అని చాటింపు వేయించాడు. తోబుట్టువు యాంటిగొని ఆ శవం మీద మట్టి చల్లింది. ఆమెను బతికుండగానే రాతిగుహలో మూయించాడు. ఆమె ఉరేసుకుంది. ఆమెను పెళ్లాడవలసిన హీమోన్, క్రియోన్ కొడుకే, కత్తితో పొడుచుకున్నాడు. అది విని రాణి యురిడిసె కూడా ప్రాణం తీసుకుంది.

విషాద నాయకుడంటే మరీ ఉత్తముడూ కాకూడదు, దుర్మార్గుడూ కాకూడదు, ఏదో పొరపాటు వల్ల పై నుంచి కింద పడ్డవాడై ఉండాలన్నాడు అరిస్టాటిల్. ఇది క్రియోన్‌కే సరిపోతుంది. యాంటిగొని మొదట ఏ మాట మీద ఉందో చివరికీ అదే మాట మీద పోయింది. 1350 పంక్తులు దాటిన నాటకంలో ఆఖరి నాలుగు వందల పంక్తుల్లో ఆమె రంగం మీద లేనే లేదు. మారేదీ, కూలేదీ, తన తప్పు తాను చూసుకునేదీ క్రియోనే.

ఇంకో మాట. క్రీ.పూ. 343లో ఏథెన్స్ వక్త డెమోస్తనీస్ కోర్టులో తన రాజకీయ ప్రత్యర్థి ఎస్కినీస్ మీద వాదిస్తూ క్రియోన్ తొలి ప్రసంగాన్ని చదివి వినిపింపజేశాడు. దేశం కన్నా స్నేహితుణ్ని ఎక్కువ అనుకునేవాడు నా లెక్కలో మనిషే కాదు అనే ఆ మాటల్ని ఏథెన్స్ జనానికి ఆదర్శంగా చూపించాడు. ఈ మనిషిని పుట్టు నియంత అనేయడం అన్యాయం.

పొద్దుపొడుపు:

రాతిగట్టు గారూ, ఆ ప్రసంగం గొప్పదే. ఆ తర్వాత ఆయన నోట వచ్చిన ప్రతి మాటా చూడండి. శవం మీద ఎవరో మట్టి చల్లారని కాపలావాడు చెబితే లంచం తిన్నావంటాడు. గుడ్డి జోస్యుడు టైరీసియస్ వచ్చి హెచ్చరిస్తే నువ్వూ డబ్బుకే వచ్చావంటాడు. కన్నకొడుకు నచ్చజెప్పబోతే ఆడదానికి బానిసవంటాడు. ఊరు ఒక్కడి సొత్తు కాదు నాన్నా అని హీమోన్ అంటే, ఏలేవాడిది కాక ఊరు ఇంకెవరిది అని ఎదురడుగుతాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లన్నట్టు ఉంది గానీ ఇందులో రాజధర్మం నాకు కనిపించడం లేదు.

ద్రోహికి శిక్ష అనే వాదన కూడా నిలవదు. దేశద్రోహిని అట్టికా (ఏథెన్స్ ఏలుబడిలోని ప్రాంతం) మట్టిలో పూడ్చకూడదని ఏథెన్స్‌లో చట్టం ఉండేది, నిజమే. అయినా పొలిమేర దాటించి పూడ్చుకోనిచ్చేవాళ్లు. క్రియోన్ ఆ దారి కూడా మూసేశాడు. చనిపోయినా శత్రువు శత్రువే అని పట్టుపట్టాడు. రావణుడు పడిపోయాక వైరం చావుతోనే సరి, సంస్కారం చెయ్యి అని రాముడు విభీషణుడికి చెప్పిన మాట వింటూ పెరిగినవాళ్లం మనం. క్రియోన్ ఎక్కడ గీత దాటాడో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు.

పైగా ఆయన మేనమామ. తల్లీతండ్రీ లేని పిల్లకు దిక్కు ఆయనే. హీమోన్‌తో పెళ్లంటే మన లెక్కలో మేనరికం. కోడలుగా రావలసిన మేనకోడల్ని గుహలో పెట్టి మూయించాడు.

చెరువుకట్ట:

ఇద్దరూ ఒక సంగతి వదిలేస్తున్నారు. పంతం ఆయనకు ఎంతో ఆమెకూ అంతే. తోడబుట్టిన ఇస్మెనె మొదట భయపడింది. తర్వాత ధైర్యం తెచ్చుకుని నేనూ నీతో చస్తానంటే యాంటిగొని ఎంత కటువుగా తోసేసిందో చూడండి. చేసింది నేను, నీకు పాలు లేదు అంది. నీ పట్టుదలే నిన్ను ముంచిందని ఊరి పెద్దల బృందం ఆమె ముఖం మీదే చెప్పింది. వరదకు వంగిన చెట్టు కొమ్మలు దక్కించుకుంటుంది, ఎదురు నిలిచింది వేళ్లతో సహా పోతుందని హీమోన్ తండ్రికి చెప్పిన మాట, వినడానికి ఆమె అక్కడ లేదు గానీ, ఆమెకూ వర్తిస్తుంది.

చావబోయే ముందు ఆమె ఇంకో మాట అంటుంది. భర్త పోతే ఇంకో భర్త, బిడ్డ పోతే ఇంకో బిడ్డ దొరకవచ్చు, అమ్మానాన్నా లేరు కాబట్టి ఇంకో అన్నదమ్ముడు పుట్టడు, అందుకే ఈ పని చేశాను, భర్త కోసమో బిడ్డ కోసమో అయితే చేసేదాన్ని కాదు అంటుంది. ఆ పంక్తులు సోఫోక్లిస్‌వి కావని ఎవరైనా రుజువు చేస్తే బాగుండునని జర్మన్ కవి గోథే కోరుకున్నాడు. కానీ అరిస్టాటిల్ నాటికే అవి నాటకంలో ఉన్నాయి, ఆయన వాటిని ఉదాహరించాడు. నాకైతే ఆ మాటలు ఉండాలి. అంతవరకూ దేవతల ధర్మం గురించి మాట్లాడిన పిల్ల చావు ఎదురుగా కనబడేసరికి తన గుండెలో ఉన్న లెక్క చెప్పేసింది. ఆమె రాతిబొమ్మ కాదని నాకు తెలిసింది అక్కడే.

రాతిగట్టు:

చెరువుకట్ట గారూ, ఆమె పంతానికి ఊళ్లో ఎవరి ప్రాణాలూ పోయే పని లేదు. అధికారం ఉన్నవాడి పంతమూ లేనివాళ్ల పంతమూ ఒకటే అనలేం. అందుకే విషాద భారం ఆయన మీద వేస్తున్నాను. పైగా ఆయన వంగాడు. టైరీసియస్ వెళ్లిపోగానే పెద్దల్ని అడిగాడు, ఏం చేయమంటారో చెప్పండి, వింటానని.

పొద్దుపొడుపు:

వంగాడు. ఎలా వంగాడో చూడండి. పెద్దలు చెప్పిన వరుస ఇది: ముందు పిల్లను గుహలోంచి విడిపించు, తర్వాత శవానికి సమాధి కట్టు. నేనే బంధించాను, నేనే వెళ్లి విడిపిస్తానని ఆయన కూడా అన్నాడు. ఆ తర్వాత వార్తాహరుడు వచ్చి జరిగింది చెబుతాడు. ముందు శవం దగ్గరికి వెళ్లారట. కుక్కలు పీకగా మిగిలినదాన్ని కడిగి, కొమ్మలు తెచ్చి దహనం చేసి, ఎత్తుగా మట్టి పోసి, అప్పుడు గుహ వైపు నడిచారట.

బతికున్నదాన్ని భూమి కింద పెట్టావు, చచ్చినవాణ్ని భూమి పైన ఉంచావు అని టైరీసియస్ చెప్పినప్పుడు కూడా బతికున్న మనిషే ముందు. క్రియోన్ ఆ వరుస తిప్పేశాడు. ఎవరి మాటా వినని అలవాటు, వింటానన్న రోజున కూడా ఆయన్ని వదల్లేదు.

రాతిగట్టు:

ఈ వరుస సంగతి ఇన్నేళ్లూ చదివినా నా కంట పడలేదు. నిన్న రాత్రి ఆ పుటలు మళ్లీ తీశాను. మీరన్నట్టే ఉంది.

అయినా నాకు కనిపించిందేమిటో చెబుతాను. పక్షులూ కుక్కలూ శవం మాంసం తెచ్చి బలిపీఠాలను మైలపరిచాయని విని ఆయన వణికిపోయాడు. ముందు మైల కడగాలనుకుని ఉంటాడు. జీవితమంతా ఊరి లెక్కే ముందు, ఇంటి లెక్క తర్వాత అన్నవాడు, ఆఖరి గంటలో కూడా అలాగే నడిచాడు. డెమోస్తనీస్ మెచ్చుకున్న గుణమే ఆయన కాళ్లను శవం వైపు తిప్పింది. దుర్మార్గుడైతే అసలు కదిలేవాడు కాదు.

గుహ దగ్గరికి వచ్చేసరికి లోపలి నుంచి ఏడుపు వినబడింది. వెంట వచ్చిన నౌకర్లతో, త్వరగా దగ్గరికి వెళ్లి చూడండి, అది నా హీమోన్ గొంతేనా, దేవతలు నన్ను మోసం చేస్తున్నారా, చెప్పండి అన్నాడు. ఆ తండ్రిని పక్కనబెట్టి ఈ నాటకం చదవడం నా వల్ల కాదు.